నవ్వులపాలైన వలసవాడు

(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



ఉగాది సభలో ఉపన్యాసమంటే కృష్ణదేవరాయలవారిని గురించో, మన పెద్దలు ఏ దారిన వచ్చి ఈ సంజీవి కొండ కింద ఊరు కట్టుకున్నారన్న సంగతిని గురించో ఉండడం ఆచారం. ఆ విషయాలు నాకన్న బాగా చెప్పగల పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. నేను మాత్రం టెలివిజన్ మీద మాట్లాడతానని కార్యదర్శిగారికి మనవి చేసుకున్నాను. వారు కొంచెం సందేహించి, "పండుగనాడు టీవీ మాటెందుకండీ?" అన్నారు. పండుగనాడు మన ఇళ్ళలో దేవుడి దీపంకన్న ఎక్కువసేపు వెలిగేది అదే గనుక, అని జవాబు చెప్పాను.

సంగతి ఇది. ఒక జనం తమ సీమను విడిచి మరొకచోట బ్రతుకుతూ ఉంటారు. వారి మాటను, నడతను పట్టుకొని ఎవరో హాస్యం తయారుచేసి నలుగురికీ చూపిస్తారు. అప్పుడు ఆ జనం ఏం చేయాలి? నవ్వి ఊరుకోవాలా, కోపం తెచ్చుకోవాలా, లేక తమ మాటనే దాచుకోవాలా? మన ఊళ్ళో మూడోది జరుగుతున్నదని నా అనుమానం. అందుకే ఈ ప్రస్తావన.

ఇటువంటి తగవు చాలా పాతది. భరతముని నాట్యశాస్త్రం చివర ఒక కథ ఉన్నది. భరతుని కుమారులు నాట్యవిద్యలో ఆరితేరి, ఆ గర్వంతో మునులను వెక్కిరిస్తూ మోటు ప్రహసనాలు ఆడసాగారు. చూసినవారు నవ్వే ఉంటారు. మునులు మాత్రం నవ్వలేదు, శపించారు. దేవతలు వచ్చి బ్రతిమాలుకోగా, నాట్యం నిలుస్తుందిగాని ఆడినవారికి శాపం తప్పదన్నారు. అదే శాస్త్రంలో నవ్వులను ఆరు విధాలుగా చెప్పారు. స్మితం, హసితం మొదలుకొని అపహసితం, అతిహసితం దాకా ఉన్నాయి. చివరి రెండూ అధములకు చెందినవట. నేటి హాస్య కార్యక్రమాలు చాలావరకు ఆ చివరి రెండింటితోనే కాలక్షేపం చేస్తున్నాయని ఎవరైనా అంటే నేను వాదించను.

ఇక పరదేశం మాట. ఐర్లండువారు తరతరాలుగా లండనుకు కూలికీ, కొలువుకూ వలసపోయినవారు. తాగుబోతు, తెలివితక్కువవాడు, నోటిదురుసువాడు అన్న ఐరిష్ వేషం ఇంగ్లీషు నాటకరంగం మీద శతాబ్దాలుగా ఉన్నది. 2013లో లండనులోని ఛానెల్ 4 అనే టెలివిజన్ సంస్థ 'లండన్ ఐరిష్' అని ఒక హాస్య ధారావాహికను ప్రసారం చేసింది. ఉత్తర ఐర్లండు నుంచి వచ్చి లండనులో ఉంటున్న నలుగురు పడుచువాళ్ళ కథ. తాగడం, తిట్టుకోవడం, పచ్చి మాటలు, వాటి మధ్య ఇంకాస్త తాగడం. కొందరు పొట్ట పట్టుకొని నవ్వారు. మరికొందరు, ముఖ్యంగా ఐర్లండువారు, మళ్ళీ అదే పాత వేషం మాకు తగిలించారా అని మండిపడ్డారు. ఆరు భాగాలతో అది ఆగిపోయింది. రెండో విడత రాలేదు.

ఇందులో గమనించవలసిన విశేషం ఒకటున్నది. ఆ కథ రాసింది ఇంగ్లీషువాడు కాడు. ఉత్తర ఐర్లండులోని డెర్రీ పట్టణంలో పుట్టిన లీసా మెగీ అనే ఆవిడ. సొంతవాళ్ళను సొంతమనిషే పరిహసిస్తే తప్పేమిటని మీరడగవచ్చు. మన ఇళ్ళలో పెళ్ళి పంక్తిలో కూర్చుని మనల్ని మనం ఎంతగా ఎగతాళి చేసుకుంటాము! ఫలానా ఇంటివారి పిసినారితనం, ఫలానా మామయ్యగారి మీసం, కుక్కను పెంచడంలో చూపే శ్రద్ధ కొడుకును పెంచడంలో చూపని పెద్దమనిషి. అందరం నవ్వుతాము, ఆ మామయ్యతో సహా. అదే పరిహాసాన్ని మనల్ని ఎరగని వేయిమంది ముందు చెబితే ఏమవుతుంది? పంక్తిలోవాళ్ళకు ఆ మామయ్య మంచితనం కూడా తెలుసు. వీధిలోవాళ్ళకు మీసం ఒక్కటే తెలుస్తుంది. లండనులో జరిగింది అదేనని నేననుకుంటాను.

ఆ రచయిత్రి అక్కడితో ఆగలేదు. 2018లో 'డెర్రీ గర్ల్స్' అని ఇంకొక ధారావాహికను అదే సంస్థకు రాసింది. ఈసారి కథ సొంత ఊళ్ళో జరుగుతుంది. 1990 ప్రాంతాల కాలం. వీధిలో సైనికులు, బాంబు బెదిరింపులు, వాటి మధ్య బడికి పోయే ఆడపిల్లలు, ఇంట్లో తల్లుల కేకలు, బళ్ళో సన్యాసినుల గద్దింపులు. తిట్లు ఇందులోనూ తక్కువేమీ కాదు, మోటుదనమూ ఉన్నది. అయినా ఆ ఊరివాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఒక పెద్ద గోడనిండా ఆ పిల్లల బొమ్మలు వేసుకున్నారు. ఆ బళ్ళో చేరిన ఒకే ఒక ఇంగ్లీషు కుర్రవాడు పరాయివాడై అందరి ఎగతాళికీ గురి అవుతాడు. లండనులో ఐరిష్ మాట వింతగా ఉండేది; ఇక్కడ ఇంగ్లీషు మాట వింత అయింది. కనుక మోటుమాటలవల్లనే జనానికి కోపం వచ్చిందని అనడానికి వీలులేదు. ఎవరి గడపలో నిలబడి నవ్వుతున్నారన్నది చూడవలసి ఉంటుంది.

మనవాడి సంగతి ఒకటి చెప్పాలి. అమెరికాలో 'సింప్సన్స్' అనే బొమ్మల హాస్య ధారావాహిక 1989 చివర మొదలై నేటికీ నడుస్తున్నది. అందులో 1990 నుంచి అపూ అనే భారతీయుడొకడు ఉన్నాడు. కిరాణా దుకాణం నడుపుతాడు. కథలో అతను కంప్యూటరు శాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నవాడు. కాని ఎవరికి గుర్తు? అందరికీ గుర్తున్నది అతని యాస. ఆ గొంతు హాంక్ అజారియా అనే అమెరికా నటుడిది. ఆయన ఆ యాసకు, 1968లో వచ్చిన 'ది పార్టీ' సినిమాలో పీటర్ సెల్లర్స్ అనే ఇంగ్లీషు నటుడు వేసిన భారతీయుడి వేషాన్ని ఆధారం చేసుకున్నాడు. అంటే అనుకరణకు అనుకరణ అన్నమాట. నీడకు నీడ.

న్యూయార్కులో పుట్టి పెరిగిన తెలుగువారి బిడ్డ హరి కొండబోలు. వృత్తిరీత్యా హాస్యగాడు. తనవంటి పిల్లలందరినీ బళ్ళలో అపూ అని పిలిచి ఏడిపించిన సంగతిని, ఆ గొంతుతో తమ తల్లిదండ్రులను వెక్కిరించిన సంగతిని తీసుకొని 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' అని ఒక డాక్యుమెంటరీ తీశాడు. తనతరపు నటీనటుల చేత వారివారి అనుభవాలు చెప్పించాడు. పెద్ద రభస అయింది. ఇంత చిన్నదానికి ఇంత గోల ఎందుకన్నవారిలో భారతీయులు కూడా ఉన్నారు. 2018 ఏప్రిల్‌లో ఆ ధారావాహికలోనే ఒక పాత్ర చేత, ఒకప్పుడు ఎవరినీ నొప్పించనిది ఇవాళ తప్పయితే మేమేం చేసేది అన్న ధోరణిలో మాట అనిపించారు. అది మరీ పుండు మీద కారం అయింది. కాని ఆ గొంతు ఇచ్చిన నటుడు మాత్రం ఆలోచించాడు. 2020లో ఇక ఆ పాత్రకు మాట్లాడనన్నాడు. 2021లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఈ వ్యవహారంలో నాకు నచ్చినదేమంటే, హరి కొండబోలు కోర్టుకు పోలేదు, దిష్టిబొమ్మ తగలబెట్టలేదు. హాస్యగాడికి హాస్యగాడుగానే జవాబు చెప్పాడు.

వలసపోయిన తెలుగువాడిని చూసి నవ్వడం మనకూ కొత్తగాదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టరు పార్వతీశం ఎవరు? మొగల్తూరు నుంచి సీమకు బయలుదేరిన కుర్రవాడే గదా. 1924లో మొదటి భాగం వచ్చిన ఆ పుస్తకాన్ని చదివి తెలుగుదేశమంతా నవ్వింది, ఇంకా నవ్వుతున్నది. ఆ నవ్వు ఎవరినీ కుట్టలేదు. శాస్త్రిగారు తామే ఆ సముద్రం దాటి ఎడింబరోలో చదువుకొని వచ్చినవారు. ఓడలో ఉండే దిగులు ఎరిగినవారు. పార్వతీశం తికమక చూసి నవ్వుతూనే, వీడు క్షేమంగా చేరాలని మనం కోరుకుంటాము.

ఇంతదూరం తిరిగి వచ్చాము. ఇప్పుడు మన వీధికి రండి.

తమిళ చలనచిత్రాల్లోనూ, టెలివిజన్ హాస్య కార్యక్రమాల్లోనూ వలసవాళ్ళ వేషాలు కొన్ని స్థిరపడి ఉన్నాయి. వడ్డీ వ్యాపారం చేసే సేటు, టీ కొట్టు నాయర్, తెలుగు కలిపి తమిళం మాట్లాడే మనవాడు. మనవాడికి 'గొల్టి' అని ఒక పేరున్నది. 'తెలుగు' అన్న మాటను తలకిందులు చేస్తే వచ్చినదని చెబుతారు. తెలుగు సినిమా కథానాయకుడు తొడగొడితే రైలు వెనక్కుపోయిందని వేళాకోళం చేయడం ఇంకొక రకం. ఆ రెండోదానికి నాకు కోపం రాదు. ఆ సినిమాలు చూసి మనమూ లోలోపల నవ్వుకున్నవాళ్ళమే.

నన్ను ఆలోచనలో పడేసింది వేరొకటి. 1959లో వచ్చిన 'వీరపాండ్య కట్టబొమ్మన్' సినిమాను మనలో చూడనివారు లేరు. శివాజీ గణేశన్‌గారి ఆ గర్జనను అనుకరించని కుర్రవాడు ఈ జిల్లాలో లేడు. కట్టబొమ్మన్ ఇంటి భాష ఏమిటి? తెలుగు. పాంచాలంకురిచ్చి పాలెగాళ్ళు తెలుగు మాట్లాడే వంశంవారు. తెరమీద మాత్రం ఆయన నోట ఒక్క తెలుగు మాట రాదు. తమిళ ప్రేక్షకులకోసం తమిళంలో తీసిన బొమ్మ గనుక అది సహజమే, నేను తప్పుపట్టడం లేదు. కాని ఫలితం చూడండి. వీరుడైతే వాడి తెలుగు మాయమవుతుంది. విదూషకుడైతే మాత్రం ఆ తెలుగే మిగిలి వినిపిస్తుంది. అటు డిసెంబరు వచ్చిందంటే చెన్నై సభల్లో త్యాగరాజస్వామి కీర్తనలు తెలుగులోనే పాడి, కళ్ళు మూసుకొని విని ఆనందిస్తారు. ఆ రాత్రి ఇంటికి పోయి టీవీ పెడితే అదే భాష నవ్వులాట. పిల్లవాడికి ఏది ముందు తెలుస్తుంది? కీర్తనా, టీవీయా?

2024 నవంబరులో చెన్నై సభలో ఒక సినీనటి మన రాకను గురించి అన్న మాటలు మీరందరూ విన్నవే. కేసులు పడ్డాయి, అరెస్టు జరిగింది, ఆవిడ తన మాటలు వెనక్కి తీసుకున్నారు. దానిమీద నేను ఎక్కువ చెప్పను. పెద్ద మాటకు పోలీసు స్టేషను ఉన్నది. రోజూ బడి మెట్లమీద వినబడే చిన్న మాటకు ఏ స్టేషనూ లేదు.

ఒక్క వైపే చెప్పి ఊరుకుంటే నేను న్యాయం తప్పినవాడినవుతాను. తెలుగు సినిమాల్లో అరవ యాస పెట్టి ఎందరిని నవ్వులపాలు చేశారు! 'సాంబారు' అన్న మాటను మనిషికి పేరుగా పెట్టింది మన భాషవాళ్ళే. అంతెందుకు, తమ సొంత తెలుగు సోదరులను వారేమి చేశారు? దశాబ్దాలపాటు తెలంగాణా మాట రౌడీకో, హాస్యగాడికో తప్ప దక్కలేదు. కథానాయకుడి నోట కృష్ణా గుంటూరుల మాట. శ్రీకాకుళం యాస ఇంటి పనివాడికి. తెలంగాణావారు ఎంత నొచ్చుకున్నారో, ఆ నొప్పి రాష్ట్రోద్యమంలో ఎంతగా పలికిందో మీకు తెలుసు. తరువాత కాలం మారింది. 2017లో శేఖర్ కమ్ముల తీసిన 'ఫిదా'లో కథానాయిక తెలంగాణా మాట మాట్లాడితే హాళ్ళు చప్పట్లతో మోగాయి. ఆ మాట పలికిన సాయిపల్లవి ఎవరనుకున్నారు? మన తమిళనాడు నీలగిరుల్లోని కోత్తగిరి పిల్ల. ఇంటి భాష బడగ. గొంతు కూడా ఆమెదే. పట్టుదల ఉంటే కొండమీది పిల్ల గోదావరి ఒడ్డు మాట నేర్చింది.

2023లో వచ్చిన 'బలగం' ఇంకొక ఉదాహరణ. దర్శకుడు వేణు ఎల్దండి. 'జబర్దస్త్' అనే కార్యక్రమంలో స్కిట్లు వేసి పేరు తెచ్చుకున్నవాడు. 2013లో మొదలైన ఆ కార్యక్రమం మోటు హాస్యానికి పెట్టింది పేరు. పిల్లలతో కూర్చుని చూడలేకపోతున్నామని తల్లిదండ్రులు గొణిగినవారే, అయినా చూసినవారే. అక్కడినుంచి వచ్చిన మనిషి తెలంగాణా పల్లెలో ఒక ముసలాయన చావు చుట్టూ కథ అల్లి సినిమా తీశాడు. అందులోనూ నవ్వున్నది. ఊళ్ళల్లో నడివీధిలో తెరకట్టి, ఊరంతా కూర్చుని చూసి ఏడ్చారు. ఆ డెర్రీ రచయిత్రికీ ఇతనికీ ఎక్కడి సంబంధం! అయినా ఇద్దరూ నడిచిన దారి ఒకటే.

ఇప్పుడు మన పలుకు సంగతి. మనం 'పళ్ళికూడానికి పోయినాడు' అంటాము, 'ఉండాది' అంటాము. సగం మాట తెలుగు, సగం అరవం. ఎన్నో తరాలు ఇల్లు ఒక భాష, వీధి ఒక భాషగా బ్రతికినవాళ్ళం మరెలా మాట్లాడతాం? ఇక్కడ మనం గొల్టీలం. మన పిల్లవాడు విజయవాడకో హైదరాబాదుకో చదువుకు పోతే అక్కడ అరవోడు. రెండుచోట్లా నవ్వేవాళ్ళే. లండనులోని ఐరిష్‌వాడికి డెర్రీకి తిరిగిపోతే నవ్వేవాడు లేడు. అమెరికాలో పుట్టిన తెలుగు కుర్రవాడికి కూడా తెనాలిలో ముద్దుగానే చూస్తారు, వాడి తెలుగు ఎంత వంకరగా ఉన్నా. మనకు మాత్రం ఏ ఊరికి పోయినా మన పలుకు వంకరే.

మొన్న ఒక అవ్వ నాతో అన్న మాట చెబుతాను. మనవరాలిని బడినుంచి తీసుకురావడానికి పోతుందట ఆవిడ. ఆ పిల్ల, "అవ్వా, గేటుకాడ తెలుగులో పిలవొద్దు, ఇంట్లో పిలువు" అన్నదట. ఆవిడ నవ్వుతూనే చెప్పింది. తరువాత, "అప్పట్నుంచి నేను గేటుకాడ నోరే తెరవనయ్యా, చెయ్యూపుతా" అన్నది. ఎవరూ ఆ పిల్లను కొట్టలేదు, తిట్టలేదు. టీవీలో చూసిన ఒక వేషాన్ని తోటిపిల్లలు రెండుసార్లు ఆడి చూపించారట. అంతే.

మన పిల్లలకు బళ్ళో తెలుగు అక్షరం లేదు. 2006లో వచ్చిన చట్టం తరువాత తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే. అది మన వీధి భాష, అన్నం పెట్టిన భాష. కాని లిపి లేని తెలుగుకు ఇక మిగిలింది నోరొక్కటే. ఆ నోరు కూడా గేటు దగ్గర మూతపడితే ఏం మిగులుతుంది? ఈ ఊరినుంచి పోయి 1949 మొదలు 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిత్వం వహించిన కుమారస్వామి రాజాగారు ఇంట్లో ఏ మాట మాట్లాడారో ఆ మాటే ఇది. ఆయన ఇచ్చిన ఇంట్లోనే గాంధి కళై మన్రం వెలిసింది. మన ఊరి కుక్కకు 2005లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసి గౌరవించింది. సంతోషమే. కుక్కకు దొరికిన గౌరవం మన అవ్వ మాటకు కూడా దొరికితే మరింత సంతోషిస్తాను.

టెలివిజన్ సంస్థలకు ఉత్తరాలు రాయాలని కొందరు మిత్రులు అన్నారు. రాయండి, వద్దనను. మరీ హద్దు మీరినప్పుడు రాయవలసిందే. కాని ఎవరూ మనల్ని చూసి నవ్వకూడదని శాసించడం నాకు ఇష్టంలేదు. 2012లో 'దేనికైనా రెడీ' సినిమా మీద బ్రాహ్మణ సంఘాలవారు ఆందోళన చేశారు. వారి బాధ నిజమైనదే కావచ్చు. అయితే ప్రతి కులమూ, ప్రతి ఊరూ ఇలా వరుసకట్టి నిషేధించుకుంటూ పోతే, చివరకు తెరమీద నవ్వడానికి మిగిలేది రాజపాళయం కుక్కే. దానికి కూడా సంఘం ఉన్నదేమో కనుక్కోవాలి.

నా కోరిక చిన్నది. వచ్చే ఉగాదికి మన పిల్లలు ఒక గంట నాటిక వేయాలి. మన పలుకులోనే. శుద్ధి చేయకుండా, విజయవాడ తెలుగుగా దిద్దకుండా. అందులో నవ్వు ఉండాలి. మన మీసాలు, మన మిల్లుల సంగతులు, మన పెళ్ళిపంక్తులు, గేటు దగ్గర నోరెత్తని అవ్వ కూడా ఉండాలి. తమిళ మిత్రులను పిలిచి ముందువరుసలో కూర్చోబెట్టాలి. వారికి తొంభైపాళ్ళు అర్థమవుతుంది. మిగిలిన పదిపాళ్ళు పక్కవారిని అడుగుతారు. అలా అడిగించుకోవడమే నాకు కావలసింది.

కార్యవర్గంవారు దీనికి ఒక గంట కేటాయించాలని, ఈ సాయంకాలమే నిర్ణయించాలని మనవి. రాయగల పిల్లలు తెలుగు లిపి రాదని సంకోచించనక్కరలేదు. తమిళ అక్షరాల్లో రాసి ఇస్తే తెలుగు లిపిలోకి ఎత్తి రాసే పని నేను చేస్తాను. పాత మాటలు, పాత పరిహాసాలు గుర్తున్న పెద్దలు, ముఖ్యంగా అవ్వలు, భోజనాలయ్యాక మండపం ఉత్తరం వైపు కాసేపు కూర్చోవాలని కోరుతున్నాను. కాగితం, కలం తెచ్చాను.